ఆలుగడ్డ తొక్క పనికొస్తుంది, అనుమతి ఎవరు తెస్తారు?

ఒడిశాలోని మన బరంపురంలో వండే ఆలుగడ్డ చాలావరకు పశ్చిమ బెంగాల్ నుంచే రావాలి. 2024లో ఆ రాష్ట్రం బయటికి పంపడంపై ఆంక్షలు పెట్టింది. సరిహద్దులో లారీలు నిలిచిపోయాయి, ఒడిశా అంతటా ధర ఎగబాకింది. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో ఆలూ లేకుండా పూట గడవని ఇళ్ళకు అప్పుడు పడిన ఇబ్బంది ఇంకా గుర్తుండే ఉంటుంది. అంత దూరం నుంచి, అంత ధర పెట్టి తెచ్చుకున్న దుంపకు తొక్క తీసి కాలువ పక్కన పోస్తున్నాం. ఆహారాన్ని పాడవకుండా కాపాడే పదార్థాలు దుంప లోపలి గుజ్జులో కంటే ఆ తొక్కలోనే ఎక్కువ.

నూనె పాతబడి వాసన రావడం మనందరికీ తెలుసు. గాలిలోని ఆక్సిజన్ కొవ్వు అణువులను పట్టుకుంటుంది, ఒకటి చెడి పక్కదాన్ని చెడగొడుతుంది, అలా గొలుసులా సాగిపోతుంది. ఫినాల్ జాతి పదార్థాలు మధ్యలో దూరి తమ హైడ్రోజన్‌ను ఇచ్చేసి ఆ గొలుసును తెంపుతాయి. ఆలుగడ్డ తొక్కలో క్లోరోజెనిక్ ఆమ్లం, కెఫీక్ ఆమ్లం ఆ జాతివే. ఉల్లి పొట్టులో క్వెర్సెటిన్, దానిమ్మ తొక్కలో ప్యూనికలాజిన్ చేసే పని కూడా ఇంచుమించు ఇదే. నూనె చెడకుండా కలిపే, ప్యాకెట్ల మీద ఐఎన్ఎస్ 319 అనే కోడ్‌తో కనిపించే టీబీహెచ్‌క్యూ, దాని తోబుట్టువులు బీహెచ్ఏ, బీహెచ్‌టీ కూడా ఫినాల్సే. కాకపోతే వాటిని ఫ్యాక్టరీలో తయారు చేస్తారు.

ఇది ఊహ కాదు. 2004లో పాకిస్తాన్ శాస్త్రవేత్తలు ఆలుగడ్డ తొక్క సారాన్ని సోయా నూనెలో కలిపి నిల్వ ఉంచి చూశారు. పది లక్షల పాళ్ళకు 1600 నుంచి 2400 పాళ్ళు కలిపితే, 200 పాళ్ళ బీహెచ్ఏ, బీహెచ్‌టీలతో పోల్చదగ్గ రక్షణ దొరికింది. అంటే ముడి సారం ఎనిమిది నుంచి పన్నెండు రెట్లు ఎక్కువ పడుతుంది. అంత కలిపితే రంగు మారుతుంది, కాస్త చేదు దిగుతుంది. బ్రెడ్డు, పాలకోవా చేసేవాళ్ళు ఇక్కడే వెనక్కి తగ్గుతారు. సారాన్ని శుద్ధి చేయాలంటే ఖర్చు పెరుగుతుంది.

అయితే బరంపురం పేరు వినగానే పట్టు చీరతోపాటు గుర్తొచ్చేవి పచ్చళ్ళు, అప్పడాలు. ఎర్రగా, ఘాటుగా, ఆవపిండి దట్టించిన పచ్చట్లో కొంచెం గోధుమరంగు ఎవరికి కనిపిస్తుంది? చిరుచేదు ఎవరి నాలుకకు తగులుతుంది? మిక్చర్, జంతికలు కూడా అంతే. ముడి సారం ఏ సరుకులో ఇమిడిపోతుందో ఆ సరుకు తయారయ్యే ఊరు మనది. అందుకే ఈ పని పెద్ద నగరంలోని పెద్ద కంపెనీ కంటే ముందు ఇక్కడ మొదలవ్వాలని నా అభిప్రాయం.

ఒక హద్దు మాత్రం ముందే చెప్పుకోవాలి. పచ్చడిని నిలబెట్టేది ఉప్పు, పులుపు, పైన తేలే నూనె. తొక్క సారం ఆ నూనె పాతబడకుండా చూస్తుంది. తడి గరిటె పెడితే వచ్చే బూజును ఆపే పని దానికి అప్పగించకూడదు. బూజు పట్టకుండా పచ్చళ్ళలో పది లక్షలకు 250 పాళ్ళ వరకు అనుమతించే బెంజోయేట్ స్థానంలో ఈ సారం పోస్తే చాలని ఎవరైనా చెబితే నమ్మకండి.

బీరపొట్టు, ఆనపకాయ తొక్కు, అరటికాయ తొక్కు... దేన్నీ వదలకుండా పచ్చడి నూరుకున్న మనవాళ్ళు ఆలుగడ్డ తొక్కతో మాత్రం ఆ అలవాటు పెట్టుకోలేదు. అది మంచిదే అయింది. దుంప తన రక్షణ కోసం తయారు చేసుకునే సోలనిన్, చాకోనిన్ అనే విషపదార్థాలు తొక్కలోనే పోగవుతాయి. ఎండ తగిలి పచ్చబడిన దుంపలోనూ, మొలక కళ్ళ దగ్గరా ఇంకా ఎక్కువ. కిలో దుంపకు 200 మిల్లీగ్రాములు దాటకూడదన్నది సాధారణంగా పాటించే పరిమితి. సారం తీసేటప్పుడు ఫినాల్స్‌తోపాటు ఇవి కూడా దిగుతాయి కాబట్టి ప్రతి విడతనూ పరీక్షించాల్సిందే. పురుగుమందు అవశేషాలు, మట్టి సంగతీ అంతే. ‘సహజం’ అన్న లేబుల్ అతికించినంత మాత్రాన ఈ పరీక్షలు తప్పవు, తప్పకూడదు కూడా.

ఇక తొక్క సేకరణ. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. పచ్చి దుంప తొక్కను బుట్టలో ఓ గంట వదిలేస్తే గోధుమరంగుకు తిరుగుతుంది, సాయంత్రానికి నల్లబడి జిగురెక్కుతుంది. ఆ నలుపు మురికి కాదు. మనం దాచుకోవాలనుకున్న ఫినాల్స్‌నే తొక్కలోని ఎంజైమ్ గాలితో కలిపి ఖర్చు చేసేస్తోందన్న మాట. మర్నాడు పొద్దున బండి వచ్చి ఎత్తేసరికి అందులో మిగిలేది కొంతే.

ఆలూచాప్, బరా అమ్మే బండ్ల వెనక మధ్యాహ్నం పూట జరిగే పని చూడండి. దుంపలు తొక్కతోనే ఉడుకుతాయి, వేడి మీదే చేతుల్లో అటూ ఇటూ మార్చుకుంటూ ఆడవాళ్ళు వలుస్తారు, తొక్క కాగితంలా ఊడి వస్తుంది. “ఆవుకి పెట్టేస్తాం బాబూ, ఇంకేం చేస్తాం” అంటారు అడిగితే. ఉడికినప్పుడు ఫినాల్స్ కొంత నీళ్ళలోకి దిగిపోతాయి, నిజమే. కానీ ఎంజైమ్ కూడా చచ్చిపోతుంది కాబట్టి ఆ తొక్క తొందరగా నల్లబడదు. నన్నడిగితే పచ్చి తొక్క వెంట పరుగెత్తడం కంటే, సారం కాస్త తక్కువైనా ఒక్కచోట రోజూ దొరికే ఈ ఉడికిన తొక్కతో మొదలుపెట్టడం మేలు. పచ్చి తొక్క వచ్చే హోటళ్ళలోనైతే మరుగుతున్న నీళ్ళలో రెండు మూడు నిమిషాలు ముంచి తీసి ఆరబెట్టే ఏర్పాటు ఉండాలి. తొక్కలో ఎనభై శాతం దాకా నీరే, కాబట్టి అక్కడికక్కడే ఎండబెడితే రవాణా ఖర్చు కూడా తగ్గుతుంది.

2016 ఘన వ్యర్థాల నిబంధనలు తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమన్నాయి. ఒడిశా పట్టణాల్లో స్వయం సహాయక బృందాల మహిళలు తడి చెత్తతో ఎరువు తయారు చేస్తున్నారు, అది ‘మొ ఖత’ పేరుతో అమ్ముడవుతోంది. మంచి పని. కానీ చేప పొలుసు, టీ పొడి, పాచిపోయిన కూర కలిసిన తడి చెత్త నుంచి తినే పదార్థం తీయలేం. తొక్క చెత్తబుట్టలో పడకముందే మూడో బుట్టలోకి రావాలి. ఆ మూడో బుట్టకు కిలోకు ఇంత అని ధర కట్టాలి. ఊరికే ఇమ్మంటే ఎవరిస్తారు, ఆవుకు పెడితే కనీసం పాలైనా వస్తాయి కదా. నీళ్ళతో సారం తీస్తే పిండిపదార్థం, పీచు మిగిలిన పిప్పిని పరీక్షించి పశువులకే తిరిగి పంపొచ్చు.

నీళ్ళతో అని ఎందుకన్నానంటే, ప్రయోగశాలల్లో వాడేది ఎక్కువగా ఇథనాల్, నీరు కలిపిన ద్రావణం. దిగుబడి బాగుంటుంది. కానీ ఆల్కహాల్ అనగానే ఎక్సైజ్ అనుమతులు, నిల్వ లెక్కలు. పారిశ్రామిక ఆల్కహాల్‌పై రాష్ట్రాలకు అధికారం ఉందని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది ధర్మాసనం తేల్చింది. అంటే ఇప్పుడు నిర్ణయం భువనేశ్వర్‌లోని రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉంది. చిన్న యూనిట్లకు తక్కువ పరిమాణంలో సులువుగా అనుమతి ఇచ్చే అధికారం రాష్ట్రానికి ఉన్నట్టే. అది వచ్చేదాకా వేడినీళ్ళే దిక్కు. వేడినీళ్ళ సారం నూనెలో సరిగా కలవదు కాబట్టి పిండితో కలిపి చేసే జంతికలు, అప్పడాల మీద ముందు పరీక్షించడం తెలివైన పని.

అన్నిటికంటే పెద్ద అడ్డంకి కాగితాల మీద ఉంది. ఇప్పటిదాకా వాడుకలో లేని పదార్థాన్ని ఆహారంలో కలపాలంటే కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2017 నిబంధనల కింద ముందస్తు అనుమతి తీసుకోవాలి. భద్రతకు సంబంధించిన సమాచారం, పరీక్షల నివేదికలు అన్నీ సమర్పించాలి. ఇంటి వెనక షెడ్డులో పచ్చడి పెట్టి అమ్ముకునే అక్క ఆ ఫైలు మోయగలదా? చిన్న ఆహార యూనిట్ల కోసం 2020లో కేంద్రం తెచ్చిన పీఎంఎఫ్ఎంఈ పథకం ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీ ప్రకటించింది. డ్రయ్యరు కొనుక్కోవడానికి అలాంటి రాయితీ పనికొస్తుంది. అనుమతి తెచ్చిపెట్టదు.

బరంపురంలో 1967 నుంచి విశ్వవిద్యాలయం ఉంది, 2016 నుంచి కేంద్ర విజ్ఞాన విద్య, పరిశోధన సంస్థ ఐసర్ ఉంది. పర్లాకిమిడిలో సెంచూరియన్ విశ్వవిద్యాలయానికి వ్యవసాయ విభాగం ఉంది. తొక్కల మీద ఇంకో పరిశోధనా పత్రం రాయడానికి వీళ్ళకు పెద్ద కష్టం ఉండదు. వాళ్ళలో ఒకరు ముందుకొచ్చి, పచ్చళ్ళ తయారీదారుల తరఫున ఆ దరఖాస్తును తమ పేరున వేయాలి. దానికయ్యే ఖర్చు రాష్ట్ర ప్రభుత్వం భరించాలి. అనుమతి వస్తే ఏ ఒక్క కంపెనీకో కట్టబెట్టకుండా, నాణ్యత ప్రమాణాలు పాటించే ప్రతి బృందానికీ ఆ పద్ధతి అందాలి. దరఖాస్తులోకి ఎక్కాల్సిన మొదటి పరీక్ష కూడా ఇక్కడే జరగాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా, గంజాం తీరంలో గోడలు చెమర్చే వానాకాలంలో, సారం కలిపిన జంతికల డబ్బా, కలపని డబ్బా పక్కపక్కనే పెట్టి నూనె ఎంత పాతబడిందో చెప్పే పెరాక్సైడ్ విలువను వారం వారం కొలవాలి.