అంగన్‌వాడీ టీచర్ జీతానికి ఎదుగుదల ఎక్కడ?

కేంద్రం 2018 అక్టోబరు 1 నుంచి అంగన్‌వాడీ టీచర్ గౌరవ వేతనాన్ని రూ.3,000 నుంచి రూ.4,500కు పెంచింది. మినీ కేంద్రాల వారికి రూ.3,500, ఆయాలకు రూ.2,250గా నిర్ణయించింది. ఏడేళ్లు దాటినా ఆ అంకెలు కదల్లేదు. పైగా ఆ రూ.4,500లో ఢిల్లీ భరించేది 60 శాతమే, అంటే రూ.2,700. మిగతా రూ.1,800 రాష్ట్రం వేసుకోవాలి, ఆపైన ఎంత కలిపినా అదీ రాష్ట్రమే. ఆంధ్రప్రదేశ్ 2019లో ఖరారు చేసిన రూ.11,500లో రాష్ట్ర ఖజానా వాటా రూ.8,800. తెలంగాణ 2021లో ఉద్యోగుల వేతన సవరణ (పీఆర్సీ)తో పాటు పెంచి ఇచ్చిన రూ.13,650లో రాష్ట్రానిది రూ.10,950. ధర్నాలు కలెక్టరేట్ల ముందు జరుగుతాయి, జవాబు రాష్ట్ర మంత్రులు చెబుతారు, పథకం మాత్రం కేంద్రానిది.

జీతం చాలదన్న సంగతి అందరికీ తెలుసు. అంతకన్నా లోతైన లోపం ఆ జీతానికి ఎదుగుదల లేకపోవడం. ఇంక్రిమెంటు లేదు, కరువు భత్యం (డీఏ) లేదు, గ్రేడు లేదు. ముప్పై ఏళ్లుగా అంగన్‌వాడీ నడుపుతున్న టీచరుకూ, నిన్న చేరిన టీచరుకూ ఒకటో తేదీన పడేది ఒకే మొత్తం. 1975 అక్టోబరు 2న అంగన్‌వాడీల మాతృ పథకమైన ఐసీడీఎస్ మొదలైనప్పుడు మెట్రిక్ చదివినవారికి రూ.150, చదవనివారికి రూ.100 ఇచ్చేవారు. ఊళ్లో ఒక మహిళ తీరిక వేళల్లో చేసే సేవ అన్న అంచనాతో పెట్టిన మొత్తం అది. పని ఎన్నో రెట్లు పెరిగినా వేతనం కట్టిన తీరు అదే. అందుకే ప్రతి పెంపూ సమ్మె తర్వాతో, ఎన్నికల ముందో, ముఖ్యమంత్రి ప్రకటనగానో రావాల్సి వస్తోంది. తెలంగాణలో 2015లో రూ.7,000, 2017లో రూ.10,500, 2021లో రూ.13,650 అలా వచ్చినవే. రెండు ప్రకటనల మధ్య ఎన్నేళ్లు గడిస్తే అన్నేళ్లూ ధరలు ఆ పెంపును తినేస్తూ ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి రూ.11,500 నాలుగేళ్ల తర్వాత 2023 డిసెంబరు సమ్మె నాటికీ రూ.11,500గానే ఉంది. సంఘాలు రూ.26,000 కనీస వేతనం అడగడం న్యాయమే. కానీ రేపు ఏ అంకె ఒప్పుకున్నా దానికి ఇంక్రిమెంటు, డీఏ జోడించకపోతే నాలుగైదేళ్లలో కథ మళ్లీ మొదటికొస్తుంది.

చదువు చెప్పే బాధ్యత మాత్రం ఏటా పెరుగుతోంది. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే పునాది దశ అంది. అందులో మొదటి మూడేళ్లు పేద పిల్లల విషయంలో దాదాపుగా అంగన్‌వాడీ చేతిలోనివే. ఇంటర్ ఆపైన చదివిన టీచర్లకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకన్నా తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా అని ఆ విధానం చెప్పింది. 2023 మేలో అంగన్‌వాడీల్లో పోషణతో పాటు చదువూ అనే ‘పోషణ్ భీ పఢాయీ భీ’ కార్యక్రమం వచ్చింది, 2024లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ‘ఆధార్‌శిల’ పాఠ్య ప్రణాళిక వచ్చింది. వీటిలో తప్పు పట్టాల్సిందేమీ లేదు, ఆలస్యంగానైనా రావాల్సినవే. అయితే శిక్షణ పూర్తిచేసిన టీచరు వేతనంలో ఒక్క రూపాయి తేడా రాదు. ఐదేళ్లకు అంగన్‌వాడీ దాటి ఆరో ఏట ఒకటో తరగతిలో కూర్చునే పిల్లకు పాఠం చెప్పే ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల టీచరు (ఎస్‌జీటీ) మూలవేతనం ఆంధ్రప్రదేశ్ 2022 స్కేళ్లలో రూ.32,670తో మొదలై రూ.1,01,970 దాకా వెళ్తుంది. తెలంగాణ 2020 స్కేళ్లలో అది రూ.31,040 నుంచి రూ.92,050. ఎస్‌జీటీకి డీఎడ్, టెట్, డీఎస్సీ ఉన్నాయి కాబట్టి ఇద్దరికీ సమాన జీతం అనలేం. కానీ ఒకరి వేతనం సర్వీసుతో పాటు పెరుగుతూ పోతుంటే, మరొకరిది చేరిన రోజునే ఆగిపోవడానికి విద్యార్హతను కారణంగా చూపలేం.

అసలు పాఠానికి మిగిలే సమయం ఎంత? అంగన్‌వాడీ కేంద్రంలో పెద్దవాళ్లు ఇద్దరే: టీచరు, ఆయా. ఆయా వంటలో ఉంటుంది. టీచరు ముందు మూడేళ్లు, నాలుగేళ్లు, ఐదేళ్ల పిల్లలు ఒకే గదిలో ఉంటారు. హాజరు పోషణ్ ట్రాకర్ యాప్‌లో పెట్టాలి, బరువులు, ఎత్తులు తీసి ఎక్కించాలి, గర్భిణులకు, బాలింతలకు సరుకులు ఇవ్వాలి. 2025 జులై 1 నుంచి ఇంటికిచ్చే రేషన్‌కు ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. ఇక్కడ ఇబ్బంది ఎక్కడొస్తుందో క్షేత్రంలో అందరికీ తెలుసు. రేషన్ తీసుకునే మహిళ ఆధార్‌కు భర్త నంబరు ముడిపడి ఉంటుంది, ఆయన పనికి పోయి ఉంటాడు, ఓటీపీ ఆయన ఫోనుకు వెళ్తుంది. ఆధార్‌లో ఫొటో పదేళ్ల కిందటిది. సిగ్నల్ ఉండదు. ఫోను పాతదైతే యాప్ తెరుచుకోదు. ఒక బాలింత దగ్గర అరగంట పోతే ఆ అరగంట పోయేది పిల్లల ఆటపాటల సమయంలోంచే. దానికి సెక్టార్ మీటింగులు, ప్రాజెక్టు మీటింగులు, టీకాల రోజు, గృహ సందర్శనలు, చాలాచోట్ల ఓటరు జాబితా పని కలుస్తాయి. గ్యాసు, కూరగాయలు, పోపు సామాన్ల బిల్లులు ఆలస్యమైతే ముందు తన డబ్బు పెట్టేది కూడా టీచరే. అంటే చేతికొచ్చే జీతం కాగితం మీద ఉన్నదానికన్నా తక్కువ.

ఇంత పని చేయించుకునే ప్రభుత్వం ఆమెను ఏమని గుర్తిస్తోంది? అవసరాన్ని బట్టి ఒక్కోసారి ఒక్కో రకంగా. అంగన్‌వాడీ కార్యకర్తలది సివిల్ పోస్టు, అంటే ప్రభుత్వోద్యోగం, కాదని కర్ణాటక ప్రభుత్వానికీ అమీర్‌బీకీ మధ్య నడిచిన కేసులో 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటి నుంచి పింఛను, సర్వీసు హక్కులు అడిగితే ప్రభుత్వాలు ఆ తీర్పే చూపిస్తున్నాయి. సంక్షేమ పథకాల దగ్గర లెక్క మారుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో గత ప్రభుత్వం గ్రామాల్లో కుటుంబ ఆదాయ పరిమితిని నెలకు రూ.10,000గా పెట్టింది. రూ.11,500 గౌరవ వేతనం దాన్ని దాటేస్తుంది కాబట్టి, పథకాలు తమకూ వర్తింపజేయాలన్నది సమ్మె డిమాండ్లలో ఒకటైంది. 2023 డిసెంబరు 12న మొదలైన ఆ సమ్మె 42 రోజులు సాగింది. మధ్యలో, 2024 జనవరి 6న, ప్రభుత్వం అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టాన్ని ప్రయోగించింది. ఉద్యోగి కాని మనిషి ఆగిపోతే అత్యవసర సేవ ఆగిపోయినట్టు అన్నమాట. ఈ రెండు మాటలూ కలిసి నిలబడవు.

2022 ఏప్రిల్ 25న మణిబెన్ మగన్‌భాయ్ భారియా కేసులో జస్టిస్ అజయ్ రస్తోగీ, జస్టిస్ అభయ్ ఎస్. ఓకా ధర్మాసనం ఈ చిక్కుముడిని కొంత విప్పింది. సర్వీసు ముగిశాక ఏకమొత్తం ఇప్పించే గ్రాట్యుటీ చట్టం అంగన్‌వాడీ టీచర్లకు, ఆయాలకు వర్తిస్తుందని, గౌరవ వేతనం ఆ చట్టం కింద వేతనమేనని స్పష్టం చేసింది. విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ ప్రకారం పూర్వ ప్రాథమిక విద్య ఈ కేంద్రాల్లో జరుగుతోందని గుర్తించింది. గ్రాట్యుటీ లెక్క తేలికే: చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణించాలి. ముప్పై ఏళ్ల సర్వీసుకు రూ.13,650 మీద రూ.2,36,250 వస్తుంది, రూ.11,500 మీద సుమారు రూ.1,99,000. సమ్మెకు ముందు ఆంధ్రప్రదేశ్‌లో టీచరు దిగిపోతే ఇచ్చిన ఏకమొత్తం రూ.50,000. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ 15/26 పద్ధతే ఉంది.

గుజరాత్ హైకోర్టు 2025 ఆగస్టులో ఇంకో అడుగు వేసి, టీచరుకు రూ.24,800, ఆయాకు రూ.20,300 కనీస వేతనంగా ఇవ్వాలంది. అది ఆ రాష్ట్రపు తీర్పు, మన దగ్గర నేరుగా అమలు కాదు. కానీ ఇంత జీతం ఊహకందనిదేమీ కాదని అది తేల్చింది.

డబ్బు లెక్క కూడా చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 55,607 కేంద్రాలు, తెలంగాణలో 35,700. టీచరుకు నెలకు వెయ్యి పెంచితే ఏడాదికి ఆంధ్రప్రదేశ్‌కు దాదాపు రూ.67 కోట్లు, తెలంగాణకు రూ.43 కోట్లు అవుతుంది. రూ.11,500 మీద మూడు శాతం ఇంక్రిమెంటు అంటే నెలకు రూ.345, ఆంధ్రప్రదేశ్‌కు మొదటి ఏడాది ఖర్చు సుమారు రూ.23 కోట్లు. రాష్ట్ర బడ్జెట్‌లో ఇది మోయలేని బరువు కాదు. కేంద్రం తన రూ.4,500ను రెట్టింపు చేసి అదే 60 శాతం భరిస్తే, ఒక్కో టీచరుకు అదనంగా రూ.2,700 చొప్పున ఆంధ్రప్రదేశ్‌కు ఏటా రూ.180 కోట్లు, తెలంగాణకు రూ.115 కోట్లకు పైగా వస్తుంది. రెండు రాష్ట్రాల ఎంపీలు పార్టీలకు అతీతంగా కలిసి అడగదగ్గ మొత్తం ఇది.

నా అభిప్రాయంలో మొదట తేల్చాల్సింది వార్షిక ఇంక్రిమెంటు, డీఏ. రెండోది, పూర్వ ప్రాథమిక శిక్షణ పూర్తిచేసినవారికి ప్రత్యేక గ్రేడు. మూడోది, ఉదయం రెండున్నర గంటలు పిల్లలకే వదిలి, ఆ వేళలో యాప్ పనీ, మీటింగూ పెట్టకూడదన్న రాతపూర్వక ఉత్తర్వు. దీనికి పైసా ఖర్చు లేదు.

వీటన్నిటికీ ముందు ప్రతి ప్రాజెక్టు కార్యాలయంలో సర్వీసు రిజిస్టరు తెరవాలి. పాత టీచర్లలో చాలామంది దగ్గర నియామక పత్రం లేదు. కొందరు ఆయాగా చేరి టీచరయ్యారు, కొందరు మినీ నుంచి మెయిన్ కేంద్రానికి మారారు. చేరిన తేదీ తేలకపోతే గ్రాట్యుటీ లెక్కా తేలదు, రేపు ఇంక్రిమెంట్లు ఇస్తామన్నా ఎవరికి ఎన్ని అన్నదీ తేలదు. టీచర్లు నియామక ఉత్తర్వు నకలు, తొలి గౌరవ వేతనం పడిన బ్యాంకు పాసుపుస్తకం, బదిలీ, పదోన్నతి కాగితాలు ఒకచోట పెట్టుకుని ప్రాజెక్టు అధికారి (సీడీపీఓ)కి లిఖితపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. రిటైరయ్యాక గ్రాట్యుటీ దరఖాస్తు కూడా అక్కడే ఇవ్వాలి. అక్కడ కాదంటే కార్మిక శాఖ అధికారి ముందు క్లెయిమ్ వేయొచ్చు, ఆలస్యానికి వడ్డీ కూడా అడగొచ్చు.