1853కి ముందు ఈ దేశంలో పట్టాలే లేవా? ఏటేటా తిరిగే ఓ ఫార్వర్డుకు జవాబు

ఏప్రిల్ 16 దగ్గరపడిందంటే రైలు అభిమానుల గ్రూపుల నుంచి మేనమామల గ్రూపుల దాకా ఒకటే ఫార్వర్డు చక్కర్లు కొడుతుంది. దాని సారం ఇది: 1853లో ఆ రోజున బొంబాయి నుంచి ఠాణేకు బండి నడిచేదాకా మన దేశంలో పట్టాలూ లేవు, ఇంజనూ లేదు. తెల్లవాళ్లు సొంత డబ్బు పోసి మనకు రైలు కట్టిచ్చి పోయారు. ఆ రోజు బండి లాగిన ‘ఫెయిరీ క్వీన్’ ఇప్పటికీ నడుస్తోంది. 1909లో ఒక బెంగాలీ బాబు ఉత్తరం రాసేదాకా రైల్లో మరుగుదొడ్డి అనేదే లేదు. చివర్లో జెండా బొమ్మ, రెండు చేతుల దండం.

తేదీతో నాకు పేచీ లేదు. 1853 ఏప్రిల్ 16 మధ్యాహ్నం మూడున్నర దాటాక బొంబాయి బోరీ బందర్ స్టేషన్లో 14 బోగీల బండి బయల్దేరింది. 400 మంది అతిథులు ఎక్కారు, 21 తుపాకులు పేల్చారు, ఠాణే దాకా 21 మైళ్లు వెళ్లింది. జనం ఎక్కి తిరిగే రైలుకు మన దేశంలో అదే మొదలు. ఫార్వర్డు రాసినాయన అక్కడితో ఆగి ఉంటే గొడవే లేదు.

ముందు పట్టాల సంగతి. 1837 నాటికే మద్రాసులో రెడ్ హిల్స్ నుంచి చింతాద్రిపేట వైపు పట్టాలు పడ్డాయి. రోడ్లు వేయడానికి ఎర్రరాయి కావాలి, దాన్ని తేవడానికి ఆ దారి. బళ్లను ఎక్కువగా పశువులే లాగేవి. ఆ పని వెనక ఉన్న ఇంజనీరు ఎవరో తెలిస్తే గోదావరి జిల్లాల వాళ్లు చేతులు జోడిస్తారు. ఆర్థర్ కాటన్. అప్పటికింకా కెప్టెన్ హోదా.

అదే కాటన్ దొర 1840ల్లో ధవళేశ్వరం వచ్చాడు. ఆనకట్ట కట్టాలంటే రాయి కావాలి, రాయి కొండలో ఉంది, పని ఏట్లో ఉంది. కొండ నుంచి గోదావరి ఒడ్డుకు పట్టాలు వేయించి, రాయిని బళ్ల మీద దించాడు. ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. అంటే బోరీ బందర్‌లో తుపాకులు పేలడానికి ముందే ధవళేశ్వరం పట్టాలు తమ పని తాము చేసేశాయి. టిక్కెట్టు లేదు, గార్డు లేడు, బ్యాండు మేళం లేదు, అందుకే ఎవరికీ గుర్తులేదు. ఇందులో ఒక తమాషా కూడా ఉంది. ఇన్ని పట్టాలు వేయించిన మనిషే తర్వాతి కాలంలో ఇంగ్లండు వెళ్లి, ఇండియాకు కావలసింది రైళ్లు కాదు, కాలవలూ పడవలూ అని పార్లమెంటు కమిటీల ముందు వాదించాడు. గోదావరి డెల్టా చూసినవాళ్లకు ఆ వాదనలో పస ఉందనే అనిపిస్తుంది.

“పట్టాలు సరే, ఆవిరి ఇంజను ఎక్కడిది?” అని అడుగుతారు. రూర్కీలో. గంగా కాలవను సోలానీ నది మీదుగా దాటించడానికి పెద్ద అక్విడక్టు, అంటే కాలవ నీళ్లు పారే వంతెన, కడుతూ, మట్టి మోయడానికి 1851 డిసెంబరులో ఆవిరి ఇంజను నడిపారు. పేరు ‘థామసన్’, ఆ ప్రాంతపు లెఫ్టినెంటు గవర్నరు పేరు. బొంబాయి బండి కంటే ఏడాది పైన ముందు. బొంబాయిలోనే 1852లో లైను వేస్తున్నప్పుడు ‘ఫాక్‌లాండ్’ అనే ఇంజను సామాన్లు లాగుతుంటే జనం ఎగబడి చూశారు.

ఇంకో మాట. జనం ఎక్కే రైళ్లలోనూ బొంబాయికి మొదటి స్థానం దక్కడంలో కొంత అదృష్టం ఉంది. కలకత్తా వైపు హౌరా లైనుకు బోగీలు తెస్తున్న ‘గుడ్విన్’ ఓడ హుగ్లీ ముఖద్వారం దగ్గర మునిగిపోయింది. ఇంజను ఎక్కిన ఓడేమో పొరపాటున ఆస్ట్రేలియా వెళ్లొచ్చింది! దాంతో అక్కడ మొదటి బండి 1854 ఆగస్టు 15న గానీ కదల్లేదు.

ఇక డబ్బు. ఫార్వర్డులో అన్నిటికంటే పెద్ద అబద్ధం ఇదే. పెట్టుబడి లండన్‌లో పోగైన మాట నిజం. కానీ 1849లో ఈస్టిండియా కంపెనీ రైల్వే కంపెనీలతో రాసుకున్న ఒప్పందాలు చూడండి. 99 ఏళ్లకు భూమి ఉచితం. పెట్టిన డబ్బు మీద 5 శాతం రాబడికి హామీ. లాభం అంతకు తగ్గితే ఆ తేడా ఇండియా ఖజానా భర్తీ చేయాలి, అంటే రైతు కట్టిన శిస్తులోంచి. నష్టమొస్తే మనది, వడ్డీ మాత్రం వాళ్లది. ఖర్చు తగ్గించాలన్న తాపత్రయం ఇక ఎవరికి ఉంటుంది? ఈ మాట నాది కాదు, ఇక్కడ వైస్రాయి కౌన్సిల్లో ఆర్థిక సభ్యుడిగా పనిచేసిన మాసీ 1872లో పార్లమెంటు కమిటీకి చెప్పిందే: అయిదు శాతం హామీ ఉన్నంతకాలం, తానిచ్చిన సొమ్ము హుగ్లీ నదిలో పారేశారా, ఇటుకా సున్నం చేశారా అన్నది ఆ పెట్టుబడిదారుకు పట్టలేదు.

హైదరాబాదు కథ ఇంకా ఘాటు. ఇప్పటి కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు 1874లో వచ్చిన లైను ఖర్చు నిజాం ప్రభుత్వానిదే. దాన్ని బెజవాడ వైపూ చాందా (ఇప్పటి చంద్రపూర్) వైపూ పొడిగించే పని 1883లో లండన్ కంపెనీకి అప్పగించారు. వడ్డీ హామీ మళ్లీ నిజాం ఖజానాదే. ఆ షరతులేమిటో బయటపెట్టండి, చర్చిద్దాం అని నగరంలో కొందరు పెద్దలు గొంతెత్తారు. వాళ్లలో ముందున్నవాడు అఘోరనాథ్ ఛటోపాధ్యాయ, సరోజినీ నాయుడు తండ్రి, హైదరాబాదులో కాలేజీ ప్రిన్సిపాలు. ఆ ఏడాది మే నెలలోనే ఆయన్ను ఉద్యోగం పీకేసి ఊరి నుంచే వెళ్లగొట్టారు. కానుక ఇచ్చేవాడు లెక్క అడిగినవాణ్ణి ఊరు దాటిస్తాడా? బండి బెజవాడ చేరింది 1889లో. లైను వల్ల మనకు మేలు జరగలేదని నేననడం లేదు. అప్పుచేసి, వడ్డీ కట్టి కట్టుకున్న ఇంటిని ఎవరో దానమిచ్చారంటే ఒప్పుకోను, అంతే.

ఫెయిరీ క్వీన్ విషయం రెండు ముక్కల్లో తేల్చొచ్చు. రైలు పిచ్చి ఉన్నవాళ్లు ఏ ఇంజను కనబడినా ముందు చూసేది మూడు: నంబరు, కట్టిన ఊరు, కట్టిన ఏడు. దీని నంబరు 22, ఈస్టిండియన్ రైల్వేది. కట్టింది ఇంగ్లండులోని లీడ్స్‌లో, కిట్సన్ కంపెనీ వాళ్లు, 1855లో. పుట్టకముందే ఠాణేకు బండి ఎలా లాగుతుంది? పైగా అది దిగింది కలకత్తాలో, తిరిగింది హౌరా–రాణీగంజ్ వైపు. ఠాణే బండిని లాగినవి సింధ్, సుల్తాన్, సాహిబ్ అని చెబుతారు. వాటిలో ఒక్కటీ మిగల్లేదు. ఫెయిరీ క్వీన్ 1909లో రిటైరయ్యాక దశాబ్దాల పాటు ప్రదర్శన బొమ్మగా ఉండిపోయింది. తర్వాత ఢిల్లీలో జాతీయ రైలు మ్యూజియం చేరింది. 1977లో తెరుచుకున్న ఆ మ్యూజియం కోసం మైక్ సాటో అనే బ్రిటిష్ రైలు అభిమాని దేశమంతా తిరిగి పాత ఇంజన్లను వెతికిపెట్టాడు. లేకపోతే అలాంటివి చాలానే పాత ఇనుము కిందకు పోయేవి. 1997లో బాగుచేసి మళ్లీ పట్టాలెక్కించారు. ఇప్పుడు హర్యానాలోని రేవారీ షెడ్డులో ఉంటుంది, ఎప్పుడైనా సరదా ప్రయాణానికి బయటికి తీస్తారు. దాన్ని ‘ఇప్పటికీ నడుస్తోంది’ అనడం కాస్త సాగదీయడమే.

చివరికి బెంగాలీ బాబు. ఓఖిల్ చంద్ర సేన్ ఉత్తరం చదివి నవ్వనివాళ్లుండరు. పనసపండు తిని కడుపుబ్బి అహ్మద్‌పూర్ స్టేషన్లో దిగాడు. గార్డు ఈల వేసేశాడు. ఒక చేత్తో చెంబు, ఒక చేత్తో పంచె పట్టుకుని పరిగెత్తి, ప్లాట్‌ఫారం మీద జనం ముందే పడ్డాడు. ఆ గార్డుకు జరిమానా వేస్తారా, పేపర్లకెక్కమంటారా అని సాహిబ్‌గంజ్ రైల్వే ఆఫీసుకు రాశాడు. ఉత్తరం ఢిల్లీ మ్యూజియంలో పెట్టారు. కానీ రైల్లో మరుగుదొడ్డి ఆయనతో మొదలైందనడం తప్పు. ఫస్టు క్లాసు దొరలకు 1890ల్లోనే ఉంది. లేనిది మూడో తరగతికి.

ఆ మూడో తరగతికైనా 1909తో కష్టం తీరిందా? 1917లో గాంధీ బొంబాయిలో 13 రూపాయల 9 అణాలు పెట్టి మద్రాసుకు మెయిల్లో మూడో తరగతి టిక్కెట్టు కొన్నాడు. రాయచూరు దాటాక పెట్టెలో జనం తొక్కిసలాట. ప్రయాణమంతటిలో మరుగుదొడ్డి ఒక్కసారీ కడగలేదు, తొట్టిలో నీళ్లు లేవు అని పత్రికలకు రాశాడు. ఆ మెయిలు లాగిన డ్రైవరుకు మాత్రం ఆ పాటి గది కూడా లేదు. ఇంజన్లో మరుగుదొడ్డి పెట్టాలని మన రైల్వేకు తోచింది 2016లో.