పది వాక్యాల ప్రశ్నావళి గారికి ఒక క్షేమసమాచారం

నార్వే వాస్తవ్యులు, 'మానసిక ఆరోగ్యాన్ని పెంపొందించే జ్ఞానం' (పొట్టిగా MHPK-10) అనే పేరుగల పది వాక్యాల ప్రశ్నావళి గారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు క్షేమమా అని వేరే అడగనక్కర్లేదు. మీ కాగితం మీద ఎప్పుడూ అందరూ భేషే కదా.

మీ పుట్టుపూర్వోత్తరాలు మాకు తెలుసు. 1997లో ఆస్ట్రేలియాలో ఆంథొనీ జోర్మ్ బృందం 'మానసిక ఆరోగ్య అక్షరాస్యత', అంటే మనసు ఆరోగ్యం గురించిన తెలివిడి, అనే మాట తెచ్చినప్పుడు చూపంతా జబ్బుల మీదే ఉండేది. మనసును బాగుంచుకోవడం కుర్రకారుకు తెలుసో లేదో చూద్దామని 2017లో నార్వే పరిశోధకులు మిమ్మల్ని లోకంలోకి వదిలారు. 15 నుంచి 21 ఏళ్ళ విద్యార్థులు, పది వాక్యాలు, ఒక్కోదానికి 'పూర్తిగా తప్పు' నుంచి 'పూర్తిగా సరి' దాకా ఆరు గడులు, వాటికి 1 నుంచి 6 మార్కులు. మొత్తం కూడితే 10 నుంచి 60. ఇంతవరకు బాగానే ఉంది.

కానీ మీ పది వాక్యాలూ నిజాలేనాయె! నిద్ర వేళలు బాగుండాలి. సరి. తనమీద తనకు నమ్మకం ఉండాలి. సరి. నలుగురిలో ఒకడిననిపించాలి. సరే సరి. మచ్చుకు ఒక్క అబద్ధమైనా కలపరేమండీ? నాలుగోది దాటేసరికి పిల్లవాడు చదవడం మానేసి, కుడి చివరి గడుల మీదుగా నిలువుగా ఒక గీత లాగుతాడు. అన్నీ తెలిసినవాడూ, ఏదీ చదవనివాడూ అదే 60తో బయటపడతారు.

కొలతలవాళ్ళు దీన్ని సీలింగ్ ఎఫెక్ట్ అంటారు. రాసినవాళ్ళలో 15 శాతానికి మించి గరిష్ఠ మార్కు దగ్గరే పోగైతే కొలబద్ద పొట్టిదైందని వాళ్ళ లెక్క. దెబ్బ తగిలేది, మనసు ఆరోగ్యం మీద పాఠాలు చెప్పి, ముందోసారీ తర్వాతోసారీ మిమ్మల్ని రాయించి పోల్చినప్పుడు. మొదటిరోజే తరగతి సగటు 54 అనుకోండి, ఎనిమిది వారాలు ఎంత బాగా చెప్పినా ఎక్కడానికి మిగిలింది ఆరు మెట్లు. అప్పుడు 'పాఠం పనిచేయలేదు' అని నివేదిక పడుతుంది.

ఇక మిమ్మల్ని తెలుగులోకి దించడం. హద్దుల మీద మీకు రెండు వాక్యాలున్నాయి. అందులో ఒకటి, తనకేది సమ్మతమో అక్కడ గీత గీసుకోవడం గురించి. మీ ఊళ్ళో అంటే 'నాకిష్టం లేదు, వద్దు' అని ఎదుటివాళ్ళకు చెప్పగలగడం. మా ఇళ్ళల్లో 'హద్దుల్లో ఉండు' అంటే నోరు మూసుకోమని. ఆ మాటే వాడామా, ఎదురు చెప్పకూడదని నేర్చిన ఆడపిల్ల కూడా నిక్షేపంగా 6 చుట్టేస్తుంది. పైగా తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చి చూస్తే అతుకు చక్కగా కుదురుతుంది! అందుకే తిరుగు అనువాదంతో సరిపెట్టకుండా ఏడెనిమిది మంది పిల్లల్ని విడివిడిగా కూర్చోబెట్టి, 'ఈ వాక్యం నీకేమని తోచింది, నీ మాటల్లో చెప్పు' అని అడగాలి. సాధించినా సాధించకపోయినా నాకు విలువుందనే మీ ఇంకో వాక్యాన్ని ర్యాంకుల ఫ్లెక్సీ కింద కూర్చున్నవాడి చేత చదివిస్తే ఏమంటాడో, అదీ వినాలి.

నిద్ర సంగతి మరీ ముచ్చట. 13 నుంచి 18 ఏళ్ళవాళ్ళకు రోజుకు 8 నుంచి 10 గంటలు కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ అంటుంది. హాస్టల్లో రాత్రి స్టడీ అవర్ పదిన్నరకు ముగిసి, మళ్ళీ పొద్దున ఐదింటికి మొదలైతే, పక్క వేసుకునే వేళతో కలిపి ఉన్నది ఆరున్నర గంటలు. వాడు మీ నిద్ర వాక్యానికి ఆవలిస్తూనే 6 చుట్టి ఇస్తాడు. తెలిసిందా అని అడిగారు, తెలుసన్నాడు. ఇందులో మీ తప్పు లేదు లెండి. కొలిచేది జ్ఞానమేనని మీ పేరులోనే ఉంది. ఆ అంకెను తీసుకెళ్ళి పిల్లల మానసిక ఆరోగ్యం భేషని చెప్పుకునేవాళ్ళకే ఆ మాట కనబడదు.

కాబట్టి మా విన్నపం. నాలుగు అబద్ధాలు కలుపుకోండి: 'వారమంతా పోయిన నిద్రను ఆదివారం పూర్తిగా రాబట్టుకోవచ్చు', 'బాధను ఎవరికీ చెప్పకపోవడమే ధైర్యం' లాంటివి. 'తెలియదు' అనే గడి పెట్టండి, ఊహించి గీసేవాళ్ళు కొంత తగ్గుతారు. పక్కనే వేరే కాగితం మీద 'గత 7 రాత్రుల్లో ఎన్నిసార్లు 8 గంటలు పడుకున్నావు?' అని అడగండి, ఆ జవాబును మార్కుల్లో కలపకండి. రోల్ నంబరు వద్దు. ముందు రాసినదీ తర్వాత రాసినదీ జతపరచడానికి అమ్మ పేరులో మొదటి రెండక్షరాలు, తను పుట్టిన తేదీలో రోజు చాలు. ముఖ్యంగా, కాగితాలు పంచేది ఇంటర్నల్ మార్కులు వేసే లెక్చరర్ కాకుండా చూడండి. ఆయన బెంచీల మధ్య తిరుగుతుంటే అందరికీ అన్నీ తెలిసిపోతాయి.

ఉత్తరం అందినట్టు ఒక ముక్క రాయండి. ఊరికే 6 చుట్టి పంపితే చదవలేదనుకుంటాం.

ఇట్లు,
మీ అంకెలు కూడి కూడి అలసినవాళ్ళం