ఒత్తిడి మనసులోనే ఉందా? ఆఫీసు గ్రూపుల్లో తిరిగే సందేశానికి జవాబు

సోమవారం పొద్దున్నే ఆఫీసు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతూ ఉంటుంది. సారాంశం ఇది: ఒత్తిడి పనిలో లేదు, మీ మనసులో ఉంది, కాస్త ఒత్తిడి ఉంటేనే పని బాగా సాగుతుంది, గంటలు ఎక్కువైనా ఎవరికీ ఏమీ కాదు, రోజూ పది నిమిషాలు ధ్యానం చేస్తే అన్నీ సర్దుకుంటాయి. అప్పటికే అలసిపోయినవాళ్లు ఇది చదివి తప్పంతా తమదేననుకుంటారు. అది అన్యాయం.

"ఒత్తిడి మనసులో ఉంది." తట్టుకునే శక్తి మనిషికో తీరుగా ఉంటుంది, కాదనం. కానీ పుట్టే చోటు వేరు. కాల్ సెంటర్ సీటునే చూడండి. ఒక కాల్ ముగిసిన మరుక్షణం ఇంకోటి వచ్చి పడుతుంది. అవతలివాళ్లు తిడుతున్నా ఫోన్ పెట్టేయకూడదు, అయినా ఇన్ని నిమిషాల్లోనే ముగించాలి. బాత్రూముకు వెళ్లాలంటే స్క్రీన్ మీద బ్రేక్ నొక్కాలి, ఆ నిమిషాలూ లెక్కలోకి ఎక్కుతాయి. పని ఎక్కువ, దాని మీద పట్టు సున్నా, అంటే ఎప్పుడు ఎలా చేయాలో మన చేతిలో ఉండదు. మనిషిని ఎక్కువగా దెబ్బతీసేది ఈ కలయికేనని ఉద్యోగ ఒత్తిడి మీద పరిశోధన చేసిన రాబర్ట్ కరాసెక్ 1979లోనే చూపించారు. బ్రిటన్‌లో 1985లో మొదలై పదివేల మందికి పైగా ప్రభుత్వోద్యోగులను ఏళ్ల తరబడి గమనించిన రెండో వైట్‌హాల్ అధ్యయనంలో, పని మీద పట్టు తక్కువున్నవాళ్లకు గుండెజబ్బు ఎక్కువగా వచ్చింది. అక్కడి ఆరోగ్య, భద్రతా సంస్థ ఉద్యోగ ఒత్తిడికి ఆరు మూలాలు చెబుతుంది: పనిభారం, పని మీద పట్టు, తోడ్పాటు, తోటివాళ్లతో సంబంధాలు, బాధ్యతల్లో స్పష్టత, మార్పులు తెచ్చే తీరు. ఆరూ ఆఫీసులోనే ఉన్నాయి.

"ఒత్తిడి ఉంటేనే పని బాగా సాగుతుంది." దీనికి ఆధారంగా చూపే ప్రయోగం మనస్తత్వ పరిశోధకులు యర్క్స్, డాడ్సన్‌లు 1908లో చేసినది. ఎలుకలకు కరెంటు షాకులిచ్చి, తెల్లపెట్టెనూ నల్లపెట్టెనూ వేరుచేసి గుర్తించడం నేర్పారు. తేడా పోల్చడం కష్టమయ్యేకొద్దీ తక్కువ షాకుతోనే త్వరగా నేర్చుకున్నాయి. అంటే బుర్ర పెట్టి చేసే పనికి ఒత్తిడి తగ్గాలి! ఈ సగాన్ని సందేశం వదిలేసింది.

"గంటలు ఎక్కువైనా ఏమీ కాదు." ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి ఇచ్చిన అంచనా ప్రకారం, వారానికి 35-40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ. ఇక నిద్ర సంగతి. ఏకబిగిన 17 గంటలు మేలుకుంటే చురుకుదనం ఎంత తగ్గుతుందంటే, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నంత. మన చట్టం డ్రైవింగుకు పెట్టిన హద్దు 30. అయిదున్నరకు లేచినవాళ్లు రాత్రి పదిన్నరకు బండి మీద ఇంటికి బయల్దేరేది ఆ స్థితిలో.

"ధ్యానంతో అన్నీ సర్దుకుంటాయి." ధ్యానం మంచిదే, గుండెదడ తగ్గుతుంది. పనుల జాబితా మాత్రం తగ్గదు. దాన్ని తగ్గించే దారి ఇది. అయిదు రోజులు ఒక కాగితం మీద నాలుగు గడులు రాయండి: సమయం, వచ్చిన పని, ఎవరు అడిగారు, దేన్ని ఆపి చేశారు. శుక్రవారం గంటలు కూడండి. ఉదాహరణకు వారానికి 45 గంటలుంటే, మీటింగులకు 9 పోగా 36 మిగిలాయి, చేతిలో పని 58 గంటలది. చాలామంది తప్పేది ఇక్కడే: అడ్డొచ్చే పనులు కలపకుండా అంచనా వేస్తారు, లెక్క చిన్నదిగా కనిపిస్తుంది. మూడో గడిలో ఒకే పేరు మళ్లీ మళ్లీ వస్తే సమస్య ఎక్కడుందో తెలిసినట్టే.

"చాలా ఒత్తిడిగా ఉంది సార్" అంటే రెండు రోజులు లీవిస్తారు, తిరిగొచ్చాక అదే గుట్ట ఎదురుచూస్తుంది. అలా కాకుండా "58 గంటల పనికి 36 గంటలున్నాయి సార్. రిపోర్టు వచ్చే వారానికి జరుపుదామా, టెస్టింగ్ వేరే ఎవరికైనా ఇస్తారా?" అని అడగండి. ఏది అనుకున్నారో ఆ రోజే మెయిల్ పెట్టండి. మేనేజర్లకు ఒక మాట: కొత్త పని ఇచ్చేటప్పుడు దేన్ని ఆపాలో మీరే చెప్పండి, ఆ నిర్ణయం కిందివాళ్ల మీద వదలకండి.

రెండు వారాలుగా సరిగా నిద్రపట్టకపోయినా, ఆఫీసు పేరు వింటేనే వణుకొస్తున్నా డాక్టరును కలవాలి. లేదా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వ సేవ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, అర్ధరాత్రయినా ఎత్తుతారు.