మెనూ కంటే ముందు అజెండా చూడండి

విజయవాడ, గుంటూరుల్లో ఉదయం 11 గంటలకు మొదలైన వ్యాపార సమావేశం ఒంటి గంట దాటకుండా ముగియడం అరుదు. అయినా భోజనం సంగతి చాలాచోట్ల పన్నెండున్నరకి గానీ గుర్తుకు రాదు. అప్పటికప్పుడు ఆఫీస్ బాయ్‌ని పంపిస్తే పార్సిల్ మీల్స్ వస్తాయి. అగ్రిమెంటు కాగితాల పక్కనే సాంబారు, రసం కవర్ల ముడులు విప్పుకుంటూ రేటు గురించి మాట్లాడుకోవాలి. దీన్ని వర్కింగ్ లంచ్ అంటున్నారు. పని ముందుకు సాగదు, తిన్న తృప్తీ ఉండదు.

ఒక చేత్తో శాండ్‌విచ్ తింటూ రెండో చేత్తో రాసుకునే ఆఫీసులకు ఈ పద్ధతి బాగానే సరిపోతుంది. మనం చేత్తో అన్నం కలుపుకుని తినేవాళ్లం. పప్పన్నం కలిపిన చెయ్యి కడుక్కునేదాకా పెన్ను పట్టలేం, ల్యాప్‌టాప్ తెరవలేం, ఫోన్ కూడా సరిగ్గా ముట్టుకోం. నా దృష్టిలో ఇది మనకున్న పెద్ద సౌకర్యం. ఆ అరగంటా ఎవరి స్క్రీన్‌లోకి వాళ్లు తల దూర్చకుండా, ఎదుటివాళ్ల మొహం చూస్తూ మాట్లాడుకుంటారు. అందుకే లంచ్ ప్లాన్ చేసేవాళ్లు ముందు అజెండాని రెండుగా విడగొట్టాలి. లెక్కలు, షరతులు, కాగితం చూసి తేల్చాల్సినవన్నీ భోజనానికి ముందే అయిపోవాలి. నోటిమాటగా చెప్పుకోగలిగినవి భోజనం దగ్గరికి వదిలెయ్యాలి.

మిర్చి ఎగుమతిదారు, కోల్డ్ స్టోరేజీ యజమాని కూర్చున్నారనుకోండి. బస్తాకి అద్దె ఎంత, సరుకులో తేమ ఎంత ఉండాలి, డబ్బు ఎన్ని రోజుల్లో ఇవ్వాలి అనేవి కాగితం మీద తేలాలి. ఈ ఏడు ఏ మండలంలో తోటలు బాగున్నాయి, ఏ రైతులు సరుకు అమ్మకుండా ఆపుకుంటున్నారు, ఎక్కడ పురుగు కనిపిస్తోంది అనే కబుర్లకు మాత్రం భోజనమే సరైన చోటు. 2021-22 సీజన్‌లో నల్ల తామర పురుగు మిరప తోటల్ని ఎంత దెబ్బతీసిందో ఇక్కడి వ్యాపారం మరిచిపోలేదు. అలాంటి సంగతులు మొదట మాటల్లోనే తెలుస్తాయి. ప్రజెంటేషన్‌లోకి ఎక్కేసరికి ధర మారిపోయి ఉంటుంది.

టెండరు గడువు సాయంత్రమే అయి, నిజంగా తింటూనే పని చెయ్యాల్సిన రోజులూ ఉంటాయి. ఆ రోజు స్పూనుతో తినగలిగినవే తెప్పించాలి. చింతపండు పులిహోర, దద్దోజనం, పక్కన పొడికూర ఒకటి ఉంటే చాలు. ఎముకలు, ముళ్లు ఉన్న కూరలొద్దు. చేపల పులుసు తినేవాళ్లకి దాని మీదే ధ్యాస ఉండాలి, బిడ్ డాక్యుమెంటు చదివేవాళ్లకి ఆ కాగితం మీదే ఉండాలి. రెండూ కుదరవు. ఏప్రిల్, మే నెలల్లో దద్దోజనం త్వరగా పులుస్తుంది కాబట్టి వడ్డనకి కాస్త ముందు మాత్రమే కలిపించాలి.

అతిథి అనగానే బిర్యానీ చెప్పడం మనకి అలవాటైపోయింది. పని పూర్తయ్యాక తినే విందుకి అంతకు మించింది లేదు. కానీ మధ్యాహ్నం ఎలాగూ మనిషికి చురుకు తగ్గే వేళ. దానికి నూనె, అన్నం దండిగా తోడైతే రెండు గంటలకు మళ్లీ కూర్చునేటప్పటికి కళ్లు మూతలు పడతాయి. సంతకాలు మిగిలి ఉంటే తేలిక భోజనమే మంచిది: పప్పు, ఒక వేపుడు, చారు, మజ్జిగ.

ఎవరు ఏం తింటారనే విషయంలో మొహమాటం మనకి అడ్డొస్తుంది. టేబుల్ దగ్గర అడిగితే ‘ఏదైనా పర్లేదండీ’ అంటారు, తర్వాత పెరుగన్నంతో సరిపెట్టుకుంటారు. రెండు రోజుల ముందే వాళ్ల ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోవాలి. జైనులు చాలామంది ఉల్లి, వెల్లుల్లి, దుంపలు ముట్టరు. కార్తీకమాసంలో, శనివారాల్లో మాంసం మానేసేవాళ్లుంటారు. ముస్లిం అతిథులకు హలాల్ అవునో కాదో స్పష్టంగా తెలియాలి. రంజాన్ నెలలో ఉపవాసం ఉన్నవాళ్లు వస్తున్నారంటే లంచ్ మీటింగే పెట్టకూడదు, ఉదయానికి మార్చాలి. షుగర్ ఉన్నవాళ్లకు భోజనం వేళ తప్పితే ఇబ్బంది. బయటి రాష్ట్రాల వాళ్లుంటే గుంటూరు కారాన్ని కూరల్లో తగ్గించి, గోంగూర, కందిపొడి విడిగా పెడితే ఎవరికి కావలసినంత వాళ్లు వేసుకుంటారు.

వేళ విషయంలో గట్టిగా ఉండాలి. గుంటూరు నుంచి విజయవాడ వచ్చేవాళ్లు కృష్ణా నది మీది వారధి దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకుంటే అంతా ఆలస్యమే. రెండు ఊళ్ల వాళ్లూ ఉంటే మధ్యలో ఉన్న మంగళగిరిలో పెట్టుకోవడం మేలు. వేడిగా వడ్డించే పదార్థం వేడి 60 డిగ్రీలకు తగ్గకుండా ఉండాలి. పన్నెండింటికే తెచ్చి మూతపెట్టి రెండింటి దాకా ఉంచితే, ముఖ్యంగా మాంసాహారం, ఒంటికి మంచిది కాదు. క్యాటరర్‌కి ఒంటి గంట అని చెప్పి, ఆ వేళకి మాట ఎక్కడున్నా ఆపెయ్యాలి.

వచ్చినవాళ్ల డ్రైవర్లని చాలా ఆఫీసులు లెక్కలో వేసుకోవు. మండే ఎండలో కార్ల దగ్గరే ఉంటారు, తినడానికి వెళ్తే సార్ ఎప్పుడు పిలుస్తారోనని టెన్షన్. క్యాటరర్‌కి మీల్స్ ఎన్నో చెప్పేటప్పుడే వాళ్లనీ కలపాలి. లోపల వడ్డించే వేళకే, నీడలో ఫ్యాను కింద కూర్చోబెట్టి, అదే భోజనం వాళ్లకీ పెట్టాలి.