తుప్పు పట్టించడమూ ఒక పనేనా అని అడిగేవాళ్లకి

పాత తుపాకీ గొట్టానికి రంగు కోసం కావాలనే తుప్పు పట్టిస్తున్నానంటే జనం నన్ను అదోలా చూస్తారు. చూడనీ, అలవాటైపోయింది. ఒళ్లు మండేది మాత్రం "అంత తంటా ఎందుకండీ, సీసాలో మందు దొరుకుతుంది, గుడ్డతో రుద్దితే ఐదు నిమిషాల్లో నల్లబడుతుంది కదా" అనే సలహా విన్నప్పుడు.

ఆ సీసా మందునే కోల్డ్ బ్లూ అంటారు. చాలావాటిలో ఉండేవి సెలీనియం, రాగి లవణాలు. అవి ఉక్కు మీద పైపైన పేరుకుంటాయి. గీత పడ్డచోట అద్దుకోవడానికి పనికొస్తుంది, కాదనను. గొట్టం మొత్తానికి పూస్తే మచ్చలు తేలుతుంది, చెయ్యి ఆనేచోట ఇట్టే అరిగిపోతుంది.

తుప్పు రంగు లోహంలోంచే పుడుతుంది. జిడ్డు పూర్తిగా వదిలించిన గొట్టం మీద, తుప్పు పట్టించే ద్రావణంలో ముంచి గట్టిగా పిండిన గుడ్డను ఒక్కసారి లాగాలి. లాగినచోటే మళ్లీ రుద్దకూడదు. తేమ ఉన్న పెట్టెలో కొన్ని గంటలు ఉంచితే సన్నటి ఎర్ర నూగు లేస్తుంది. నూనె లేని ఇనుప పీచుతో దాన్ని దులిపి మళ్లీ పూత. ఇలా ఐదారుసార్లు, ఒక్కోసారి పది. రంగు కుదిరాక బేకింగ్ సోడా నీళ్లతో కడిగి నూనె పట్టిస్తే అది బ్రౌనింగ్. ప్రతి పూత తర్వాతా దులిపేముందు డిస్టిల్డ్ వాటర్‌లో మరిగిస్తే ఆ ఎర్ర తుప్పే మాగ్నటైట్ అనే నల్లటి ఇనుప ఆక్సైడ్‌గా మారుతుంది, అది రస్ట్ బ్లూయింగ్.

నాకు బుద్ధి వచ్చింది మూడో పూత దగ్గర. గొట్టం జారుతోందన్న కంగారులో గ్లోవ్స్ లేని చేత్తో పట్టేసుకున్నాను. మర్నాడు పెట్టె తెరిస్తే అంతా సమంగా ఎర్రబడింది, మధ్యలో నా బొటనవేలి ముద్ర, గీతలతో సహా. మళ్లీ ఉప్పుకాగితం నుంచి మొదలు. ఆ రోజు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

అద్దంలా పాలిష్ చేసేవాళ్లతో ఇంకో పేచీ. మరీ నున్నగా ఉంటే ద్రావణానికి పట్టు దొరకదు. అసలు మెరుపు పోవాలనేగా ఈ రంగు! 1800 ప్రాంతంలో బ్రిటిష్ సైన్యంలో బేకర్ రైఫిల్ పట్టిన సైనికుల తుపాకీ గొట్టాలు గోధుమరంగువే.

ఇక రెండు గొట్టాల పాత తుపాకీని హాట్ బ్లూయింగ్ తొట్టిలో ముంచమనేవాళ్లకి దణ్ణం. అందులో మరిగేది కాస్టిక్ సోడా, నైట్రేట్ల ద్రావణం, సుమారు 140 డిగ్రీల్లో. గొట్టాలను, మధ్య పట్టీని కలిపేది సీసం, తగరం టంకం. ఆ వేడికి టంకం కరగకపోవచ్చు, కాస్టిక్ సోడా మాత్రం దాన్ని తినేస్తుంది. పైకి నల్లగా నిగనిగలాడుతూ వస్తుంది, కొన్నాళ్లకి పట్టీ ఊడి చేతికొస్తుంది.

ఇంకో మాట. మూతి నుంచి తుపాకిమందు కూరే పాత తుపాకీ చేతికొస్తే ముందు లోపలికి కర్ర దూర్చి లోతు కొలవండి. ఆ కొలత గొట్టం పక్కన పెట్టి చూస్తే కర్ర అడుగుదాకా వెళ్లిందో లేదో తెలుస్తుంది. ఎప్పుడో కూరిన మందు, గుండు అలాగే ఉండిపోయినవి చాలానే బయటపడ్డాయి. తేడా కనిపిస్తే పొయ్యి దగ్గరికి తీసుకెళ్లకండి, తుపాకుల పని తెలిసిన మెకానిక్‌కి అప్పగించండి.

ప్రస్తుతం పెట్టెలో ఉన్నదానికి ఐదో పూత. రాత్రి పదకొండుకి తీయాలి, ఈసారి రెండు చేతులకీ గ్లోవ్స్.