ఏకసభ్య కమిషన్ నివేదిక: 2024లో నా డిస్కు ఖాళీ చేయని ఆటలు

2024 సంవత్సరానికి నాకు నచ్చిన వీడియో గేములు ఏవో తేల్చేందుకు నేను ఒక ఏకసభ్య కమిషన్‌ను నియమించాను. అందులో సభ్యుడిని నేనే, అధ్యక్షుడినీ నేనే. ఇంట్లో మరెవరికీ ఈ విషయంలో తగిన అర్హత లేదని ప్రాథమిక విచారణలోనే తేలింది. మూడు నెలల్లో నివేదిక ఇవ్వాలని ఉత్తర్వుల్లో రాసుకున్న మాట నిజమే. కానీ మన దగ్గర ఏ కమిషన్ గడువులోగా నివేదిక ఇచ్చింది గనుక? ఆనవాయితీకి భంగం కలగకుండా ఎప్పటికప్పుడు పొడిగింపు కోరుతూ, కోరినదాన్ని నేనే మంజూరు చేస్తూ ఇంత దూరం వచ్చాను.

ముందుగా విచారణ పరిధి. కంప్యూటరు ఆటలు అమ్మే ఆన్‌లైన్ అంగడి స్టీమ్‌లో ఆ ఒక్క ఏడాదిలో విడుదలైన ఆటలు దాదాపు 19 వేలు. రోజుకు యాభై చొప్పున పరిశీలించినా ఏడాది చాలదు. అదే స్టీమ్ ఏడాది చివర ఇంకో లెక్క కూడా బయటపెట్టింది. జనం ఆడిన మొత్తం సమయంలో 2024లో వచ్చిన ఆటలకు దక్కింది 15 శాతమే. మిగతా కాలమంతా పాత ఆటలే మింగేశాయి. అంటే ఏడాది ఉత్తమ ఆటల జాబితా రాసే మేధావులందరూ ఆ 15 శాతం గురించి నూటికి నూరు శాతం అధికారంతో మాట్లాడుతున్నారన్నమాట. ఈ సంప్రదాయం కమిషన్‌కు ఎంతో నచ్చింది. దాన్నే కొనసాగించాలని తీర్మానించింది.

ఇక ప్రమాణం. బొమ్మల నాణ్యతకు ఇన్ని, కథకు ఇన్ని, సంగీతానికి ఇన్ని అంటూ పదికి తొమ్మిదిన్నర వేసే పద్ధతిని కమిషన్ తోసిపుచ్చింది. ఆ లెక్కలో ఏడుకు తక్కువ మార్కులు వచ్చిన ఆటను చూసినవారు అరుదు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇంటర్నల్ మార్కులు వేసేవారే ఇంతకంటే నిక్కచ్చిగా ఉంటారు. అందుకని కమిషన్ ఒకే ఒక్క ప్రమాణం పెట్టుకుంది: చోటు. నా లాప్‌టాప్ డిస్కు మొత్తం విస్తీర్ణం 512 జీబీ. అందులో విండోస్ కబ్జా చేసింది కొంత. చెల్లెలి పెళ్లి వీడియోలది కొంత. వాటి జోలికి వెళితే శాంతిభద్రతల సమస్య. మిగిలినదాంట్లోకి కొత్త ఆట రావాలంటే పాత ఆటను ఖాళీ చేయించాలి. ఏ ఆటను ఖాళీ చేయించడానికి చేతులు రాలేదో అదే నాకు నచ్చిన ఆట. 1973లోనే భూ పరిమితి చట్టం చేసుకున్న నేల మనది. ఆ చట్టం కింద ఎవరికి ఎంత దక్కిందన్నది వేరే చర్చ. నా డిస్కులో మాత్రం పరిమితిని కఠినంగా అమలు చేశాను. బయటి హార్డ్‌డిస్కులో బినామీగా దాచుకున్న ఆటలను సైతం లెక్కలోకి తీసుకున్నాను.

మొదటి వ్యాజ్యం ‘బ్లాక్ మిత్: వుకాంగ్’ది. ఒక వానరవీరుడి కథతో చైనాలోని గేమ్ సైన్స్ సంస్థ తయారుచేసిన ఈ ఆట ఆగస్టు 20న విడుదలై మూడు రోజుల్లో కోటి కాపీలు అమ్ముడుపోయింది. కోరిన స్థలం 130 జీబీ, అంటే నా సామ్రాజ్యంలో నాలుగో వంతు. ఒక్క వానరుడికి ఇంత చోటు ఎందుకని కమిషన్ నిలదీసింది. రావణుడి కొలువులో ఆసనం వేయకపోతే మన వానరుడు తోక చుట్టుకుని దాని మీదే కూర్చున్నాడు తప్ప స్థలం కేటాయించమని అర్జీ పెట్టలేదు కదా. ఈ సందర్భంగా మా అమ్మ వాంగ్మూలం నమోదైంది. తెర మీద వానరుడు కనిపించగానే ఆవిడ చేతులు జోడించారు. కాసేపటికి చేతిలో గద కాక కర్ర ఉందని గమనించి, “ఈయన మన స్వామి కాదురా, వేరే ఊరి ఆయన” అని తేల్చారు. అయినా నేను ఓడిపోయిన ప్రతిసారీ, “ఏ ఊరి ఆయనైతేనేం, పరువు తీస్తున్నావు” అని మందలించడం మానలేదు.

ఆటలో కనిపించే 36 పురాతన స్థలాల్లో 27 షాన్షీ ప్రావిన్సువే. అక్కడి గుళ్లను, శిల్పాలను స్కాన్ చేసి మరీ ఆటలోకి ఎక్కించారు. ఆ తరువాత జనం అసలు గుళ్లు చూడటానికి షాన్షీకి ఎగబడ్డారు. మనకు లేపాక్షి లేదా, రామప్ప లేదా అని దేశభక్తులు అడగవచ్చు. నిక్షేపంగా ఉన్నాయి. అయితే మన ఆటలో మొదటి రాక్షసుడు పార్కింగు రుసుము వసూలు చేసే వ్యక్తి అవుతాడు, ఆయనను ఓడించిన ఆటగాడు ఇంతవరకు పుట్టలేదు. వుకాంగ్‌లో దారి ఉన్నట్టే కనిపించి అడ్డుపడే అదృశ్య గోడల మీద ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది. మన దగ్గర ఆ దాపరికం ఉండదు. గోడ కట్టి, దాని మీద ‘ఇటు ప్రవేశం లేదు’ అని రాసి, పక్కన కుర్చీ వేసుకుని ఒకరు కూర్చుంటారు.

ఆట ముగిశాక వుకాంగ్‌ను సకల లాంఛనాలతో ఖాళీ చేయించాను. వారం తిరగకుండానే మళ్లీ పిలిపించాను. కారణం రెండో అధ్యాయంలో ఇసుక మైదానం మధ్య తీగవాద్యం మీటుతూ పాడే తల లేని గాయకుడు. బుర్ర లేకుండా బుర్రకథ చెప్పగల కళాకారుడిని వెళ్లగొట్టడం సాంస్కృతిక నేరమని కమిషన్ భావించింది. పునరావాసం కింద మరోసారి 130 జీబీ డౌన్‌లోడ్ చేసుకోక తప్పలేదు.

‘ఎల్డెన్ రింగ్’ అనే ఆటకు అనుబంధంగా జూన్ 21న వచ్చిన ‘షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ’ గురించి ఎక్కువ చెప్పను. ఇందులో అడుగు పెట్టాలంటే అసలు ఆటలో రాడాన్, మోగ్ అనే ఇద్దరు ప్రత్యర్థులను ఓడించి ఉండాలి. డబ్బు కట్టించుకున్నాక ప్రిలిమ్స్, మెయిన్స్ రాయమనడం అన్నమాట. గ్రూప్-1కు చదివినవాళ్లకు ఇది కొత్త కాదు, పైగా ఇక్కడ పరీక్ష రద్దయ్యే భయం లేదు. దీన్ని ఖాళీ చేయించే ధైర్యం కమిషన్‌కు లేకపోయింది. దాన్ని ఇష్టం అనాలో భయం అనాలో తేల్చే పని మరో కమిషన్‌కు వదిలేస్తున్నాను.

మధ్యలో హక్కుల సమస్య తలెత్తింది. ఇంతకాలం నేను నన్ను భూస్వామి అనుకున్నాను. అక్టోబరులో స్టీమ్ తన చెల్లింపు పేజీలో ఒక వాక్యం చేర్చింది. మీరు కొంటున్నది ఆటను కాదు, ఆటను వాడుకునే లైసెన్సును అని దాని సారాంశం. కొనుగోలుదారుకు ఈ సంగతి దాచకూడదని కాలిఫోర్నియాలో చట్టం రావడంతో ఈ నిజాయితీ పుట్టింది. అంతకుముందే మార్చి 31న యూబీసాఫ్ట్ సంస్థ ‘ది క్రూ’ అనే కార్ల పందేల ఆటకు సర్వర్లు ఆపేసింది. ఒంటరిగా ఆడుకుందామన్నా అది సర్వర్ లేనిదే కదలదు. పదేళ్ల కిందట పూర్తి ధర పెట్టి కొన్నవారి కార్లన్నీ ఒక్క రాత్రిలో మాయం. కనుక చేతిలో ఉన్నది పట్టా కాదు, కౌలు అని తేలింది. మన కౌలు రైతుకు కనీసం ఒక గుర్తింపు కార్డు ఇస్తామంటారు. నాకు దక్కింది ‘నేను అంగీకరిస్తున్నాను’ అన్న మీట ఒక్కటే.

కౌలుదారులు గెలిచిన పోరాటం కూడా ఆ ఏడాది ఒకటి ఉంది. ‘హెల్‌డైవర్స్ 2’ ఆటను కంప్యూటరులో ఆడుతున్నవాళ్లందరూ తన ఖాతా తెరవాల్సిందేనని మే నెలలో దాన్ని ప్రచురించిన సోనీ హుకుం జారీ చేసింది. ఆ ఖాతా సౌకర్యమే లేని దేశాల్లో సైతం ఆటను అమ్మి ఉన్నారు! ఆటగాళ్లు వ్యతిరేక సమీక్షలతో విరుచుకుపడితే రోజుల వ్యవధిలోనే హుకుం వెనక్కి వెళ్లింది. ప్రజాస్వామ్యం పేరు చెప్పి పురుగులను కాల్చే ఆటలో ప్రజాస్వామ్యం ఆట బయట గెలిచింది.

అదే సోనీ ఆగస్టు 23న ‘కాంకార్డ్’ అనే 40 డాలర్ల ఆటను విడుదల చేసింది. ఆడేవారు లేక సెప్టెంబరు 6న మూసేసి డబ్బులు తిరిగి ఇచ్చేసింది. అక్టోబరు చివర దాన్ని తయారుచేసిన స్టూడియోనే మూతపడింది. ఇక్కడ సోనీకి ఒక సలహా. రెండు వారాలు ఆడిన సినిమాకు మన దగ్గర విజయయాత్ర చేస్తారు, శాలువాలు కప్పుతారు, హీరో మైకు పట్టుకుని కంటతడి పెడతాడు. వాళ్లు తెలుగు నిర్మాతలను ఒక్క మాట అడిగి ఉండాల్సింది.

సరిగ్గా ఆ సెప్టెంబరు 6నే సోనీ నుంచి ‘ఆస్ట్రో బాట్’ వచ్చింది. ఒక తలుపు వెనక పాడె లేస్తుంటే ముందు తలుపులో బారసాల. డిసెంబరులో జరిగిన ది గేమ్ అవార్డ్స్‌లో ఏడాది ఉత్తమ ఆట బహుమతి దీనికే దక్కింది. ఇది సోనీ వారి గేమ్ యంత్రం పీఎస్5లో (ప్లేస్టేషన్ 5) తప్ప ఆడదు, నా దగ్గర పీఎస్5 లేదు. అందుచేత కమిషన్ బావగారి ఇంటికి క్షేత్రస్థాయి పర్యటన చేపట్టింది. గడ్డి మీద నడిస్తే అరచేతిలో గడ్డి, గాజు మీద నడిస్తే అరచేతిలో గాజు తెలిసేలా కంట్రోలర్ వణకడం గొప్ప అనుభవమని సాక్షి, అంటే నా మేనల్లుడు, చెప్పాడు. “మామయ్యా, ఇంకొక్క లెవెల్ అయ్యాక ఇస్తాను” అన్న హామీ పర్యటన ముగిసేదాకా అమల్లో ఉంది. నేనే ఒకటి కొనుక్కుందామంటే, నవంబరు 7న వచ్చిన పీఎస్5 ప్రో మన దేశంలోకి అడుగు పెట్టలేదు. అందులోని వైఫై వాడే 6 గిగాహెర్ట్జ్ తరంగాలకు అప్పటికి ఇక్కడ అనుమతి లేదట. అప్పట్లో దాని ధర అమెరికాలో 700 డాలర్లు. అనుమతి ఇవ్వకుండా ఎన్నో మధ్యతరగతి సంసారాలను నిలబెట్టిన టెలికాం శాఖకు కమిషన్ కృతజ్ఞతలు తెలుపుతోంది.

అక్టోబరు 11న వచ్చిన జపాన్ ఆట ‘మెటఫర్: రీఫాంటాజియో’ను మాత్రం మన ఆటగానే పరిగణించాలి. అందులో రాజు హత్యకు గురవుతాడు. వారసుడు చనిపోయాడనే లోకం నమ్ముతుంది. ప్రజల మద్దతు ఎక్కువ ఉన్నవాడే రాజు అని, ఆ చనిపోయిన రాజు తల కొండంత రాతి ముఖమై ఆకాశంలో నిలిచి ప్రకటిస్తుంది. ఇది వింత ఊహ అని విదేశీ విమర్శకులు మెచ్చుకున్నారు. ఆకాశం కనిపించకుండా దివంగత నేతల ముఖాలు ఫ్లెక్సీల మీద నిలిచే కూడళ్లలో పెరిగిన మనకు ఇందులో వింత ఏముంది? అభ్యర్థులు కాళ్లతో పరిగెత్తే వాహనాల్లో ఊరూరా తిరుగుతారు. అవి ప్రచార రథాలు. రాజును చంపినవాడే అందరికంటే ముందంజలో ఉంటాడు. దీనిపై కమిషన్ వ్యాఖ్యానించదు. ఆ ఏడాది మే 13న రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పోలింగ్ జరిగింది. ఆ రోజు క్యూలో నిలబడి ఓటు వేసిన అనుభవంతో చూస్తే నాకు ఒక్కటే అసహజంగా తోచింది. అందులోని హీరో అడిగినవారి పనులన్నీ ఎన్నికకు ముందే చేసిపెడతాడు. దాదాపు ఎనభై గంటల ఆట. పూర్తయ్యేదాకా ఎవరూ దాన్ని కదిలించలేరు. పూర్తయ్యాక, గెలిచిన అభ్యర్థి ముఖం మళ్లీ ఎవరు చూస్తారు? తొలగించాను.

ఇంత పెద్దవాళ్ల విచారణ ముగిశాక, స్థలం ఏమీ అడగని ఇద్దరు మిగిలారు.

ఒకటి ‘యానిమల్ వెల్’. మే 9న వచ్చింది. బిల్లీ బాసో అనే వ్యక్తి దాదాపు ఏడేళ్లు ఒక్కడే కూర్చుని, ఆటను నడిపే ఇంజిన్‌తో సహా సొంతంగా రాసుకున్నాడు. పరిమాణం 40 ఎంబీ కూడా లేదు. మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఒక్క పూట వచ్చే శుభోదయాలు ఇంతకంటే బరువు. చీకటి నుయ్యి, అందులో ఒక చిన్న ముద్దలాంటి ప్రాణి, చుట్టూ జంతువులు, వెతకడానికి 64 గుడ్లు. మాటలు లేవు, బాణం గుర్తులు లేవు, ‘ఇప్పుడు ఈ మీట నొక్కండి’ అన్న ఉపదేశాలు లేవు. ఒక కుక్క దెయ్యంలా వెంటపడుతుంది. దాని నుంచి తప్పించుకునే మార్గం కనిపెట్టిన క్షణంలో నా వయసు సగానికి తగ్గింది. ఇంకా లోతుకు వెళితే, ఒక చిక్కుముడి విప్పడానికి యాభై మంది ఆటగాళ్లు ఎవరి ఆటలో దొరికిన ముక్కను వారు తెచ్చి కలపాలి. ఒకరినొకరు ఎరగని యాభై మంది కలిపేశారు కూడా. నీళ్ల మోటారు మరమ్మతుకు మా అపార్టుమెంటులో ఒక్కసారైనా కోరం కుదిరి ఉంటే ఈ ఘనతను కమిషన్ ఇంతగా నొక్కి చెప్పేది కాదు.

రెండోది ‘బలాట్రో’. ఫిబ్రవరి 20న వచ్చింది. ఇదీ ఒక్కడి పనే; లోకల్‌థంక్ అన్న మారుపేరు వెనక దాక్కున్న కెనడా కుర్రాడిది. పేకముక్కలతో పోకర్ తరహా జోడీలు, వరసలు కట్టాలి. జోకర్లు 150 రకాలు, వీటిలో చాలావరకు పాయింట్లను ఒక్కో తీరున పెంచుతాయి. రూపాయి పందెం లేదు. అయినా యూరప్‌లో వయసు ముద్ర వేసే పెగీ సంస్థ దీనికి 18 ఏళ్ల పరిమితి విధించింది. డబ్బు పెట్టి, లోపల ఎవరున్నారో తెలియని ఆటగాళ్ల కార్డుల పొట్లాలు కొనుక్కునే ఫుట్‌బాల్ ఆటకు మాత్రం 3 ఏళ్లు చాలన్నది. అంటే మూడేళ్ల పసివాడు పొట్లం కొనవచ్చు గానీ, పదిహేడేళ్లవాడు ఇస్పేటు ఆసు బొమ్మ చూడకూడదు. అప్పీలు మీద 2025 ఫిబ్రవరిలో ఆ పరిమితిని 12కు దించారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పేకాటను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి కనుక, పోలీసులు వస్తే ఇక్కడ డబ్బు లేదని వెంటనే నిరూపించడానికి నా పర్సు తెరిచి పక్కనే ఉంచుకున్నాను. అది ఎప్పుడూ తిరుగులేని సాక్ష్యమే.

ఈ కేసులో నిపుణుడి సాక్ష్యం మా నాన్నగారిది. క్లబ్బులో రమ్మీ ఆడి రిటైరైన చెయ్యి. కాసేపు నా భుజం మీదుగా చూసి, “సీక్వెన్సు లేదు, షో ఎలా కొట్టావు?” అన్నారు. ఇక్కడ షో ఉండదని, జోకర్ అంటే లేని ముక్కకు బదులు కాదని, అది పాయింట్లను హెచ్చవేస్తుందని మనవి చేశాను. “అంటే ముక్కలు బాగా పడనివాడిని కూడా జోకర్లే గెలిపిస్తాయా?” అని అడిగారు. అవునన్నాను. “మరి ఇందులో నీ తెలివి ఏముంది?” అన్న ఆయన ప్రశ్నకు కమిషన్ జవాబు ఇవ్వలేదు, ఎందుకంటే అప్పుడే పాయింట్లు లక్షలు దాటి అంకెలు మంటలు చిమ్ముతున్నాయి. సెప్టెంబరులో ఇది ఫోన్లలోకీ వచ్చాక నాన్నగారి అభ్యంతరాల సంఖ్య తగ్గింది, ఫోను ఛార్జింగు తగ్గే వేగం పెరిగింది.

ఇప్పుడు కమిషన్ ముందు ధర్మసంకటం. ప్రమాణం చోటు. ఈ రెండు ఆటలు కలిపినా అర జీబీ ఉండవు. ఖాళీ చేయించాల్సిన అవసరమే రాని భూమిలేని పేదలను ఏ చట్టం కింద నిలబెట్టాలి? సభ్యుడు ‘యానిమల్ వెల్’ వైపు మొగ్గాడు. ఆడటం ఆపేసిన తరువాత కూడా పడుకునే వేళ బుర్రలో తిరిగినది అదేనని అతని వాదన. అధ్యక్షుడు ‘బలాట్రో’ వైపు మొగ్గాడు. బుర్రలో తిరగడానికి అది అసలు ఆపనిస్తే కదా అని ఆయన వాదన. ఓట్లు సమానం కావడంతో అధ్యక్షుడు తన నిర్ణాయక ఓటును వాడుకున్నాడు. బలాట్రో ప్రథమం, యానిమల్ వెల్ ద్వితీయం, తల లేని గాయకుడి పుణ్యమా అని వుకాంగ్ తృతీయం. సభ్యుడు అసమ్మతి పత్రం దాఖలు చేశాడు. అధ్యక్షుడు దానికి రసీదు ఇచ్చాడు.